ఓడలో దొంగ మస్టరు

"స్టేషన్ మాస్టరా? ఓడలో స్టేషన్ మాస్టరేందబ్బా, ఇదేమన్నా రేణిగుంట జంక్షనా?" అని బస్సు అదిరేలా అన్నాను.

మా బస్సు తిరుపతి నుంచి మద్రాసు రేవుకు పోతోంది. అందులో ముప్పయి రెండుమందిమి. ఎప్పుడూ కాణిపాకం, కాళహస్తి ట్రిప్పులు వేసే మోహన్‌కృష్ణ ఈసారి మమ్మల్ని రెండు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకుపోతున్నాడు. డ్రైవరు పక్కన నిలబడి మైకులో అతను చెప్పింది, "ఓడ ఎక్కంగానే అందరూ మస్టర్ స్టేషన్ కాడికి పోవాల" అని. నాకు వినబడింది వేరు. నా చెవికి ఎప్పుడూ నవ్వొచ్చే మాటే ముందు వినబడుతుంది.

"మాస్టర్ కాదన్నా" అని మోహన్‌కృష్ణ అంటూనే ఉన్నాడు, నేను ఆగితే కదా. టికెట్టు లేనివాళ్ళని ఆ మాస్టరు నడిసముద్రంలో దించుతాడా అన్నాను. పచ్చజెండా ఊపకపోతే ఓడ కదలదన్నాను. వెనక సీట్లో ఇద్దరు నా మాట నిజమని నమ్మి, ఓడ ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందని అడగసాగారు. బస్సంతా నవ్వుతోంది.

అప్పుడు మూడో వరసలోంచి ఒక నెమ్మదైన గొంతు లేచింది. "మాస్టరు గాదు నాయనా, మస్టరు. పని మొదలుబెట్టే ముందర ఎవురొచ్చినారు, ఎవురు రాలేదని తలకాయలు లెక్కబెట్టి ఏసుకునేది. నీళ్ళల్లో పొయ్యేటప్పుడు అది ఉండాల గదా. మనిషి తక్కువైతే యాడని ఎతకేది?"

ఆమె పేరు నాగులమ్మ. పుత్తూరు పక్కన పల్లె. అరవై దాటిన మనిషి. వదిన చౌడేశ్వరితో కలిసి వచ్చింది. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు, సముద్రం చూడ్డం ఇదే మొదటిసారి.

"కరెక్టుగా చెప్పినావమ్మా" అన్నాడు మోహన్‌కృష్ణ. బస్సులో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. నా నవ్వుల వరస మధ్యలో తెగిపోయింది. అది నాకు గుచ్చుకుంది. అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నా పేరు బాలసుబ్రమణ్యం. తిరుపతిలో పెళ్ళి విందుల్లోనూ, పదవీవిరమణ సభల్లోనూ మైకు నా చేతికే ఇస్తారు. తిరిగి తీసుకోవడమే కష్టం. ఆ ధైర్యంతోనే మోహన్‌కృష్ణ ఈ ప్రయాణం కోసం నా చేత ఒక చిన్న పుస్తకం రాయించాడు. 'ఓడ మర్యాదలు: ఇరవై సలహాలు' అని పేరు. ఓడ వాళ్ళు పంపిన ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని, దానికి నా పోపు పెట్టాను. తీరం దాటినా తీరు మారకూడదన్నది మొదటి సలహా. కొండ బస్సులో కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరినట్టు డెక్కు మీద కుర్చీలకు తువ్వాలు వేసి పోవద్దు, కుర్చీ కూర్చున్నవాడిదే గానీ తువ్వాలుది కాదు అన్నది నాలుగోది. బఫేలో ప్లేటును గోపురంలా కట్టొద్దన్నాను. బాల్కనీలో పంచె ఆరేస్తే అది ఏ దేశం జెండానో తెలియక ఎదురొచ్చే ఓడ తికమక పడుతుందన్నాను. లిఫ్టులోంచి దిగేవాళ్ళని దిగనిచ్చాకే ఎక్కమన్నాను.

పదకొండో సలహా ఇది: 'ఓడ కదిలేముందు సిబ్బంది పిలిచే హాజరుకు ప్రతి ఒక్కరూ స్వయంగా రావాలి. మీ బదులు ఇంకొకరు తినగలరేమో గానీ, మీ బదులు ఇంకొకరు ఈదలేరు.' దీనికి బస్సులో చప్పట్లు కొట్టారు.

ఓడ ఎక్కాం. గది తాళం, గుర్తింపు, భోజనం అన్నిటికీ కలిపి మనిషికొక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారు. మూడు గంటలకు హారను మోగుతుందనీ, మాలో సగంమంది ముందువైపు మోహన్‌కృష్ణతో, మిగతావాళ్ళం వెనకవైపు హాజరు కావాలనీ చెప్పారు. హారను మోగడానికి పది నిమిషాల ముందు నేను మెట్ల దగ్గరున్నాను. పై అంతస్తు నుంచి వడల వాసన దిగొచ్చింది. హాజరు పిలిస్తే వంటశాల మూసేస్తారు, మళ్ళీ ఐదింటికే తెరుస్తారని అక్కడ బోర్డు ఉంది.

నాగులమ్మ, చౌడేశ్వరి లైఫ్ జాకెట్లు తొడుక్కుని అప్పుడే బయల్దేరుతున్నారు. అందరికంటే ముందు.

"అక్కా, బాత్రూంకు పొయ్యొస్తా. ఈ కార్డు రవ్వంత పట్టుకో" అని నా కార్డు నాగులమ్మ చేతిలో పెట్టాను.

"బిన్నా వచ్చెయ్యి నాయనా, ఆలస్యం జెయ్యొద్దు" అంది.

పట్టుకోమన్నానే గానీ, ఆ గందరగోళంలో ఆ కార్డు కూడా ఎవరో ఒకరు మిషనుకు చూపించేస్తే బాగుండునన్న ఆలోచన నా మనసులో ఉంది. అది లేదంటే ఇంకో అబద్ధమవుతుంది.

పైకెళ్ళి నాలుగు వడలు ప్లేటులో వేసుకుని, వెనక డెక్కు మీద ఒక మూల కూర్చున్నాను. హారను ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగింది. ఓడలో వడ, వడలో నేను. మూడో వడ దగ్గర మైకులో మా స్టేషన్ పేరు పిలిచారు. నాలుగోదాని దగ్గర మళ్ళీ పిలిచారు. చెయ్యి తుడుచుకుని వెనక మెట్ల మీదుగా దిగి, గుంపు చివర కలిసిపోయాను.

అక్కడ నూట ఇరవైమంది ఉండాలి. ఎండలో జాకెట్లు తగిలించుకుని అరగంటగా నిలబడున్నారు. పసిపిల్లలు ఏడుస్తున్నారు. మిషను నూట ఇరవై అంటోంది, తలలు నూట పంతొమ్మిదే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టారట. నాలుగోసారి నేనున్నాను కాబట్టి సరిపోయింది. కానీ తెల్లబట్టల ఆఫీసరు వదల్లేదు. కార్డులు గీకిన పనివాడు నాగులమ్మ వైపు వేలు చూపించి, ఈమె చేతిలో రెండు కార్డులున్నాయి, రెండూ గీకాను అన్నాడు. ఆఫీసరు ఇంగ్లీషులో అడుగుతున్నాడు, ఆమె తెలుగులో చెబుతోంది. రెండు భాషలూ వచ్చినవాళ్ళెవరని అతను చుట్టూ చూశాడు. మైకుకు లేచే అలవాటున్న నా చెయ్యి లేచింది.

"ఆ రెండో కార్డు నాదే" అని ఆఫీసరుకు ఇంగ్లీషులో చెప్పాను. "ఎక్కడో పడిపోయింది. దానికోసమే ఇంతసేపూ వెతుకుతున్నాను. ఈమెకు దొరికినట్టుంది. వీళ్ళ పల్లెల్లో కూలి పనికి ఒకరు పోయి నలుగురి హాజరు వేయించుకోవడం అలవాటు. ఇక్కడా అలాగే చేసింది. పాపం, తెలియక."

ఒక్క నిమిషం పట్టింది ఆ అబద్ధానికి. పుస్తకం రాయడానికి నెల పట్టింది.

ప్రమాదమే జరిగుంటే లేని మనిషిని ఉన్నాడనుకుని వదిలేసేవాళ్ళమని ఆమెకు చెప్పమన్నాడు ఆఫీసరు. ఆమె పేరూ గది నంబరూ కాగితం మీద రాసుకున్నాడు.

"ఏమంటాండాడు నాయనా?" అంది నాగులమ్మ.

"ఏం లేదక్కా, జాగర్తగా ఉండమంటాండాడు."

"నువ్వు బాత్రూంకు పోయినావని సెప్పినావా?"

"సెప్పినానక్కా."

ఆమె నా కార్డు నాకిచ్చేసింది.

అక్కడితో ఆపినా బాగుండేది. ఐదింటికి టీ దగ్గర మా ముప్పయి రెండుమందీ చేరారు. హాజరు దగ్గర ఎందుకు ఆలస్యమైందని ముందువైపు వాళ్ళు అడిగారు. ఎవరైనా అడిగితే నా నోరు ఊరుకోదు.

"మన నాగులమ్మక్క సముద్రంలో గూడా దొంగ మస్టరు ఏసిందప్పా" అన్నాను. "మిస్టరు లేకుండానే మస్టరు పడింది. ఆఫీసరుకు అదొక మిస్టరీ."

నవ్వులు. నాగులమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

"నేనెయ్యలేదు నాయనా. కార్డు నువ్వే ఇస్తివి గదా. నా చేతిలో ఉంటే ఆ పిల్లోడు గీకినాడు."

"కార్డు ఇచ్చింది నేనే, రికార్డు కొట్టింది నువ్వు" అన్నాను.

ఇంకా పెద్ద నవ్వులు. ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చౌడేశ్వరి వెనకాలే పోయింది. ఆమె ఊరివాడే మునిచంద్ర అని ముప్పయ్యేళ్ళవాడు, నా ఎదురుగా సెల్లు పట్టుకుని అంతా వీడియో తీశాడు. నేను అతని వైపు తిరిగి ఇంకొకసారి చెప్పాను కూడా.

మర్నాడంతా నాగులమ్మ కనబడలేదు. టిఫినుకూ రాలేదు, డెక్కు మీదికీ రాలేదు. సముద్రం చూడాలని వచ్చిన మనిషి. మధ్యాహ్నం చౌడేశ్వరి ఒక ప్లేటులో పెరుగన్నం పెట్టుకుని పోతుంటే ఆపి, ఒంట్లో బాగలేదా అని అడిగాను.

"ఒంట్లో బాగానే ఉండాది" అంది చౌడేశ్వరి. "మా ఆడబిడ్డ పన్నెండేండ్లు కరువు పనిలో మేటుగా జేసింది. నూరుమందికి ఆమే మస్టరు ఏసేది. మా ఆయన, అంటే ఆమె తోడబుట్టినోడు, జొరమొచ్చి పండుకోనుంటే ఒక దినం ఏసెయ్యమని నేనే పొయ్యి అడిగినా. ఎయ్యలేదు. రెండేండ్లు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆ మునిచంద్ర వాళ్ళ నాయన చిత్తూర్లో వేరే పని జేసుకుంటా ఈడ పేరు రాయించుకుంటే, ఆ పేరు కొట్టేసింది. వాళ్ళింటోళ్ళకు ఇప్పుటికీ కోపమే. నిన్న నువ్వు సెప్పిందంతా వాడు పట్టినాడు. రేపు సిగ్నలు రాంగానే మా ఊరి గ్రూపులో ఏస్తాడంట. ఆమెకుండేది ఆ పేరొకటే. అది పాయె. ఇంక ఊర్లో ఎట్ల తిరగతాది?"

చౌడేశ్వరి ప్లేటు పట్టుకుని గది వైపు వెళ్ళిపోయింది.

గట్టిగా తప్పు చేసి మెల్లగా దిద్దుకోవచ్చనుకున్నాను. ఈత కొలను పక్కన కూర్చున్న మునిచంద్ర దగ్గరికి పోయి, ఆ వీడియో తీసెయ్యమన్నాను.

"ఎందుకన్నా, సూపరుగా ఉండాది. గొంతు గూడా బాగా పడింది."

"అది ఉత్త జోకప్పా."

"జోకే. ఆమె మస్టరు ఏసింది నిజమే గదన్నా?"

కాదు అన్నది రెండక్షరాలు. చుట్టుపక్కల కుర్చీల్లో మావాళ్ళు నలుగురున్నారు, ఇంకో జోకు పడుతుందని నా మొహంలోకే చూస్తున్నారు. "సరేలేప్పా" అని వచ్చేశాను. దారిలో ఒక బల్ల మీద నా పుస్తకం కనబడింది. ఎవరో టీ గ్లాసు కింద పెట్టుకున్నారు. గుండ్రటి మరక సరిగ్గా పదకొండో సలహా మీద పడింది. అప్పటికి ఓడ సముద్రం మీద బాగానే ఉంది, ఓడింది నేను.

మూడోరోజు పొద్దున టిఫిను హాల్లో అందరూ సామాన్లతో కూర్చున్నారు. కిటికీలోంచి దూరంగా మద్రాసు గట్టు సన్నగీతలా కనబడుతోంది. సెల్లులు పైకెత్తి సిగ్నలు కోసం చూస్తున్నారు. మునిచంద్ర అందరికంటే ముందు కిటికీ దగ్గరున్నాడు. నాగులమ్మ చివరి బల్ల దగ్గర సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తోంది.

మోహన్‌కృష్ణ చేతిలోంచి మైకు తీసుకున్నాను. నేనింకా మొదలుపెట్టకముందే నవ్వడం మొదలుపెట్టారు.

"నాగులమ్మక్క దొంగ మస్టరు ఎయ్యలేదు" అన్నాను. నవ్వారు. "కార్డు నేనే ఇచ్చినాను. బాత్రూంకని చెప్పి వడ తినేదానికి పోయినాను." పగలబడి నవ్వారు. ఎవరో "ఓడలో వడ" అని అందించారు. నా తరహా జోకే నాకు.

మైకు కింద పెట్టి, అదే మాట మళ్ళీ చెప్పాను. ఇంకొకసారి చెప్పాను. అప్పుడు ముందు వరసలో ఒకాయన నమలడం ఆపాడు. ఆఫీసరుకు ఏం చెప్పానో, ఆమెకు ఏమని చెప్పానో, టీ దగ్గర ఆమె నిజం చెబుతుంటే ఎలా నోరు మూయించానో, ఒక్కొక్కటే చెప్పాను. వాళ్ళ పల్లె గురించి అన్న మాట కూడా చెప్పాను. మోహన్‌కృష్ణ తల దించుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా మైకు పట్టుకుంటున్నాను, ఒక్కరూ నవ్వకపోవడం ఇదే మొదటిసారి.

"మునిచంద్రా, ఇది గూడా పట్టుకోప్పా" అన్నాను.

అతను నా వైపూ, నాగులమ్మ వైపూ చూశాడు. సెల్లు కాసేపు కిందికి దించాడు. మళ్ళీ ఎత్తి, "మొదట్నించీ చెప్పన్నా. నవ్వుల్లో సరిగ్గా పడలేదు" అన్నాడు.

మొదట్నుంచీ చెప్పాను. వడలెన్నో కూడా చెప్పాను. అతను పాతది తీసేసి, తీసేసినట్టు నాగులమ్మకు చూపించాడు.

నాగులమ్మ లేచి నిలబడింది. "ఈళ్ళకు సెప్పినావు, సరే. ఆ తెల్లబట్టలాయన కాగితంలో నా పేరుండాది. ఆయనకెవురు సెప్తారు?"

ఇద్దరం బయల్దేరాం. చౌడేశ్వరి లేచింది. ఆమె వెనక మోహన్‌కృష్ణ, ఆ వెనక ఒక్కొక్కరే తక్కినవాళ్ళు. ముప్పయి రెండుమందీ కౌంటరు ముందు నిలబడితే ఆఫీసరు కంగారుపడ్డాడు. అతనికి ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఎందుకు రాలేదని అడిగాడు. వడ కోసమన్నాను. అది ఎలా ఉంటుందో తెలిసినవాడే, అయినా ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను.

"ఏమంటాండాడు?" అంది నాగులమ్మ.

"ఏదన్నా జరిగుంటే నేను ఆడ ఉండానని మిషను చెప్పేదంట, నన్నెవురూ ఎతికేవాళ్ళు కారంట. ఇంత వయసొచ్చినాక సిగ్గు లేదా అంటాండాడు. నీ తప్పు లేదంట, మన్నించమంటాండాడు." ఈసారి ఒక్క మాట వదలకుండా చెప్పాను.

"నువ్వో?"

"నేను గూడా, అక్కా."

ఆఫీసరు కాగితం తీసి ఆమె పేరు మీద అడ్డంగా గీత గీసి, కింద నా పేరు రాశాడు. నాగులమ్మ కౌంటరు మీదికి వంగి, గీత ఈ చివర నుంచి ఆ చివరిదాకా సరిగ్గా పడిందా అని చూసింది.

"నీ పేరు యాడ రాసినాడు?" అంది.

చూపించాను.