ఎడమచేతి గ్లౌజు

రెండో దెబ్బకి కూడా తలుపు ఊడలేదు. వెర్నా కాళ్ళు ఎడం చేసి నిలబడి, సుత్తిని భుజం మీదకి ఎత్తి, ఈసారి నడుము తిప్పి కొట్టింది. తుప్పు పొడిపొడిగా లేచి కళ్ళలో పడింది. కీలు తెగింది. తలుపు ఒకసారి ఊగి బురదలో వెల్లకిలా పడింది.

పాత బండ్ల తుక్కు యార్డు చివర అణిచే యంత్రం ఒక వ్యాన్ని నములుతోంది. అద్దాలు పేలుతున్నాయి. పనిలో చేరిన కొత్తలో ఆ చప్పుడుకి ఆమె చెవులు మూసుకునేది. ఇప్పుడు చప్పుడు ఆగితేనే తలెత్తి చూస్తుంది.

యాభై మూడేళ్ళ మనిషి. ముక్కు కుడివైపుకి కాస్త వంగి ఉంటుంది. కింది పలువరసలో రెండు ఖాళీలు. గ్యాస్ కట్టర్ నిప్పురవ్వలు పడీ పడీ మోచేతుల దాకా ఆవాలు చల్లినట్టు నల్లటి మచ్చలు. ముక్కూ పళ్ళూ మాత్రం కట్టర్ పని కాదు, మొగుడు డేల్ పని. కుడిచేతికి మందపాటి తోలు గ్లౌజు ఉంది. ఎడమచెయ్యి మాత్రం రెండు రోజులుగా వట్టిదే. అక్టోబరు చివర, సరస్సు మీంచి వచ్చే గాలికి ఆ వేళ్ళు ఎర్రబడి, మొద్దుబారి, తనవి కానట్టున్నాయి. ఊపిరి ఊది, చంకలో పెట్టుకుని, మళ్ళీ సుత్తి అందుకుంది.

ఆ గ్లౌజు పక్క వరసలో, ముందు సగం బాగున్న పాత పోంటియాక్ కారు అద్దానికి వేలాడుతోంది. ఈ యార్డులో అది కట్టుబాటు. ఎవరికి కావలసిన బండి మీద వాళ్ళు ఎడమచేతి గ్లౌజు తగిలించి పోతారు. కుడిచేతిది పనికి కావాలిగా. ఆ మనిషి తిరిగొచ్చి తీసుకునేదాకా ఇంకెవరూ దాని మీద రెంచి వెయ్యరు. తాగుబోతులు, దొంగలు, పెళ్ళాల్ని కొట్టేవాళ్ళు, అందరూ వస్తారు ఈ యార్డుకి. గ్లౌజు జోలికి మాత్రం ఎవరూ పోరు.

ఆ పోంటియాక్ ముందు స్ప్రింగులు రెండూ కావాలి ఆమెకి. ఇంట్లో షెడ్డు కింద అరవై తొమ్మిది నాటి బండి ఒకటుంది, డేల్‌ది. ఒకప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే వీధిలో కిటికీలు అదిరేవి. ఐదేళ్ళ కొడుకుని వెనక సీట్లో పడుకోబెట్టుకుని వెర్నా ఆ బండిలో పారిపోబోయిన రోజున, డేల్ ఆమెను జుట్టు పట్టి బయటికి లాగాడు. తరవాత సుత్తి తెచ్చి, లోపల పిల్లాడు ఏడుస్తుండగానే, బండిని చుట్టూ తిరిగి బాదాడు. అద్దాలు, తలుపులు, బానెట్, దీపాలు. ఒక్కొక్క దెబ్బకీ లోపలినుంచి వేడ్ 'అమ్మా' అని అరిచాడు. ఆ వారమే డేల్ ఇల్లు వదిలి పోయాడు, ఎక్కడో తాగి చచ్చాడు. బండి టార్పాలిన్ కింద ఉండిపోయింది.

వేడ్ చేతులు తండ్రి చేతులే. బారు బయట ఒకడి దవడ విరగ్గొట్టి జైలుకి పోయాడు. పెరోల్ మీద బయటికొచ్చిన రోజున వాకిట్లోనే నిలబడి టార్పాలిన్ వంక చూస్తూ, "ఇది బాగుచేద్దామా అమ్మా?" అన్నాడు. ఆమెకి ఆ బండంటే అసహ్యం. అయినా సరేనంది. వాడి చేతులకి ఏదో ఒక ఇనుము ఉండాలి, మనిషి ముఖం కాకుండా. మళ్ళీ ఒక్క దెబ్బ కొట్టాడంటే మిగిలిన శిక్షంతా లోపలే.

అప్పటినుంచి ఒక బండి తలుపులు, ఇంకో బండి బానెట్, వరదలో మునిగిన మరోదాని సీట్లు తెచ్చి అతుకుతున్నారు. ఒక తలుపు పచ్చ, ఒకటి తెలుపు. వాడు సుత్తితో సొట్టలు తీస్తుంటే ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుని వినేది. అదే చప్పుడు. కాకపోతే ఇప్పుడు లోపలినుంచి బయటికి కొడుతున్నాడు.

మధ్యాహ్నం టైర్ల షాపులో పని ముగించుకుని వేడ్ వచ్చాడు. భుజాన గొలుసు, చేతిలో జాకీ.

"తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"అమ్మా, జైల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదే."

"జైల్లో వాళ్ళు నిన్ను కన్లేదు. గొలుసు తెచ్చావా?"

"కనబడట్లా?"

"స్ప్రింగు లోంచి దూర్చి ఫ్రేముకి కట్టందే నట్టు మీద చెయ్యి వెయ్యకు. అది ఎగిరిందంటే మనిషి తల ఉండదు."

"పొద్దున్నించీ ఇది మూడోసారి చెప్పడం. ఫోన్లో రెండు."

"నాలుగోసారి కూడా చెప్తాను. నువ్వు కింద దూరేముందు."

ఆమె భయమంతా ఆ స్ప్రింగు మీదే. ముందురోజు కలలో కూడా అదే ఎగిరింది.

పోంటియాక్ దగ్గరికి వెళ్ళేసరికి అద్దానికి గ్లౌజు లేదు. బండి కింద ఎవరివో బూట్లు కనిపిస్తున్నాయి. ఒక బూటు కింద, బురదలో, గ్లౌజు.

"ఎవడ్రా అది?" అంది వెర్నా.

లానీ బయటికి పాకాడు. పాత బండ్ల సామాను ఊడదీసి, షోకు కోసం కొనేవాళ్ళకి అమ్ముకుంటాడు. ఒక స్ప్రింగు అప్పటికే పక్కన పడుంది. గొలుసూ లేదు, ఏమీ లేదు, గడ్డపారతో పెకలించాడు.

"గ్లౌజు కనబడలేదా నీకు?"

"చూళ్ళేదు పెద్దమ్మా. గాలికి ఎగిరిపోయుంటుంది."

"గాలికి ఎగిరి నీ బూటు కింద దూరిందా?"

లానీ నవ్వి వేడ్ వైపు తిరిగాడు. "ఏరా, లోపల బాగానే మేపినట్టున్నారే! ఏంటా చూపు? కొడతావా? కొట్టు మరి. ఒక్క ఫోను చాలు, చీకటి పడేలోగా మళ్ళీ లోపలే. మీ నాన్నయితే ఈపాటికి కొట్టేసేవాడు. నువ్వేంట్రా, అమ్మ కొంగు పట్టుకుని..."

వెర్నా కొడుకు ముఖం చూడలేదు. చెయ్యి చూసింది. వేళ్ళు ముడుచుకున్నాయి. బొటనవేలు పైకొచ్చింది. కణుపులు తెల్లబడ్డాయి. ఆ పిడికిలి ఆమెకి తన ముక్కు కన్నా బాగా తెలుసు. అది లేవడానికి ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు.

అది లేవకముందే ఆమె చేతిలోని రెంచి లానీ మూతి మీద పడింది.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. లానీ మోకాళ్ళ మీద కూలి, రెండు చేతుల్లో నెత్తురు ఉమ్మి, అందులో పళ్ళు చూసుకుని, ఆంబోతులా లేచాడు. రెండు చేతులతో ఆమెను రొమ్ము మీద గుద్ది తోశాడు. వెర్నా వెనక్కి పోయింది. తల వెనకభాగం పోంటియాక్ తలుపు చట్రం అంచుకి తగిలింది. కళ్ళలో కట్టర్ వెలిగించినట్టు తెల్లటి మంట. అయినా ఆమె కింద పడలేదు. వేడ్ గడ్డపార అందుకుని అడుగు ముందుకు వెయ్యడం ఆ మంటలోంచే చూసింది.

"జేబులో!" అని అరిచింది. "చేతులు జేబులో పెట్టు! నా మీద ఒట్టు, జేబులో పెట్టరా!"

వేడ్ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. గడ్డపార కింద పడేశాడు. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లోకి తోశాడు, కుట్లు పిటపిటమన్నాయి. లానీ వచ్చి వాడి చెంప మీద కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. వాడు కదల్లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గాని చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

యార్డు యజమాని ముసలి హార్లన్ ఈలోగా వచ్చి, బురదలో గ్లౌజు చూసి, లానీ బూటు చూసి, అంతా తెలుసుకున్నాడు.

"గ్లౌజు తొక్కావు లానీ. ఇంక ఈ గేటు లోపల అడుగు పెట్టకు."

"పోలీసుల్ని పిలుస్తా! ఇది నా పళ్ళు రాలగొట్టింది!"

"పిలువు. నీకంటే జానెడు పొట్టి, నీకంటే పదేళ్ళు పెద్ద, ఆ ఆడమనిషి కొట్టిందని రాయించు. నేను కూడా వచ్చి సాక్షి సంతకం పెడతా."

లానీ మూతి పట్టుకుని, తూలుతూ, తిడుతూ పోయాడు.

వెర్నా వంగి గ్లౌజు తీసింది. వంగినప్పుడు నేల పక్కకి జరిగింది. బురద దులిపి, కొడుకు దగ్గరికొచ్చి, వాడి చొక్కా జేబులో దాన్ని కుక్కింది, వేళ్ళు బయటికి కనబడేలా.

"ఇంక నీ మీద ఎవరూ రెంచి వెయ్యరు" అంది.

హార్లన్ పగలబడి నవ్వాడు. వేడ్‌కి నవ్వు రాలేదు. "తలకి తగిలిందా?" అన్నాడు.

"డేల్ పెట్టినదాంట్లో సగం కూడా కాదు. రెండో స్ప్రింగు నువ్వు తియ్యి. గొలుసు కట్టు."

సాయంత్రం షెడ్డులో వేడ్ బండి కింద దూరాడు. మూడు వైపులా గోడల్లేని షెడ్డు, గాలి నేరుగా కొడుతోంది. ఆమె దీపం పట్టుకుంది. గొలుసు స్ప్రింగులోంచి దూర్చి ఫ్రేముకి కట్టారు. జాకీ ఒక్కో పన్నూ ఎక్కుతుంటే స్ప్రింగు కిర్రుమంటూ నలుగుతోంది. మధ్యలో ఆమె దీపం కింద పెట్టి ఇంటి వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. పొద్దున్నించీ ముక్కులో దూరిన గ్యాస్ కంపు వల్లేనంది. వచ్చి మళ్ళీ దీపం పట్టుకుంది.

"డేల్, కాస్త ఇటు జరుగు, కనబడట్లేదు" అంది.

బండి కింద రెంచి ఆగింది. ఆ పేరు ఆ ఇంట్లో పలికి ఏళ్ళయింది.

"ఎవర్నే డేల్ అంటున్నావు?"

"ఏమన్నాను? వేడ్ అన్నాగా. చెయ్యి తీసి మాట్లాడు, స్ప్రింగు దగ్గర ఉంది."

"అమ్మా, డాక్టరు దగ్గరికి పోదామా?"

"ఈ రెండూ కూర్చున్నాక."

రెండో స్ప్రింగు కూడా కూర్చుంది. ఎగరలేదు. జాకీ దించారు. ఇన్నేళ్ళుగా ముక్కు నేలకానించి కూర్చున్న బండి ఈసారి ముందుకి కుంగకుండా, నాలుగు చక్రాల మీద సమంగా నిలబడింది. వేడ్ తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి గర్జించింది. పెరట్లో వంటపాత్రలు గలగలలాడాయి. ఎదురింటి కుక్క గొలుసు తెంపుకునేలా మొరిగింది.

"దిగు" అంది వెర్నా. "నేను కూర్చుంటాను."

డ్రైవరు సీట్లో కూర్చుంది. ఆ రోజు జుట్టు పట్టి లాగిన చోటే. తలుపు తనే వేసుకుంది. అద్దం ఇంకా బిగించలేదు, గాలి ముఖాన కొడుతోంది. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టింది, ఒకటి గ్లౌజుతో, ఒకటి వట్టిది.

"ఆపకు" అంది. "కాసేపు ఇలా ఉండనీ."

వేడ్ బానెట్ కింద తల పెట్టి కార్బురేటర్ సరిచేశాడు. ఇంజను చప్పుడు నున్నగా అయ్యేదాకా తిప్పాడు. "విన్నావా అమ్మా, ఇప్పుడు విను!" అని అరిచాడు. బానెట్ దించి చూస్తే ఆమె తల పక్కకి వాలి ఉంది. అలిసిపోయిందనుకున్నాడు. ఇంట్లోంచి దుప్పటి తెచ్చి ఒంటి మీద కప్పాడు. ఎడమచెయ్యి తగిలింది, చల్లగా ఉంది. అది రెండు రోజులుగా చల్లగానే ఉంది కదా అనుకుని దుప్పటి లోపలికి పెట్టాడు. రెంచీలు తుడిచి వరసగా సర్దాడు. గొలుసు చుట్టి మేకుకి తగిలించాడు. తగిలిస్తూ ఆగిపోయాడు. ఇంకా ఎవరూ ఐదోసారి జాగ్రత్త చెప్పలేదు.

వెనక్కి వచ్చి, ఆమె కుడిచేతి గ్లౌజు మెల్లగా లాగాడు. ఆ చెయ్యి కూడా చల్లగానే ఉంది.

ఇంజను ఆపాడు. కుక్క కూడా మొరగడం ఆపింది.

తలుపు చట్రం అంచు గుర్తొచ్చింది. ఆమె వెనక్కి పోవడం గుర్తొచ్చింది. ఆ తరవాత తన చేతులు జేబుల్లోనే ఉండిపోయాయి. లానీ ఈ వేళకి ఏ బారులో కూర్చుంటాడో వాడికి తెలుసు. గోడకానించిన గడ్డపార తీసుకున్నాడు. వాకిట్లో ట్రక్కు దాకా నడిచి, తలుపు తెరిచి, గడ్డపార సీటు మీద పడేసి, తాళంచెవి కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు.

తాళంచెవికి పైన గ్లౌజు ఉంది.

బయటికి తీశాడు. బురద ఎండి మడతల్లో పగిలింది. వీధి దీపం వెలుగులో చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తరవాత ట్రక్కు తలుపు మూసి, అంబులెన్సుకి ఫోను చేసి, వాకిలి మెట్టు మీద కూర్చున్నాడు. గ్లౌజు మోకాలి మీద పెట్టుకున్నాడు. లోపల చెయ్యి లేకపోయినా దాని వేళ్ళు చాపుకోలేదు. దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు అలాగే వంగి ఉన్నాయి.