ఎవరూ కొనని విస్కీ

నేను ఒక పీపాను. ఓక్ చెక్కలు, ఇనుప పట్టీలు, పొట్ట మీద ఒక బెజ్జం. అంతే నా ఒళ్లు. పుట్టింది అమెరికాలో. చెట్టుగా ఉన్నప్పటి సంగతులేవీ గుర్తులేవు గానీ, లోపలంతా నిప్పుతో కాల్చి బొగ్గు చేసిన రోజు మాత్రం బాగా గుర్తు. అక్కడ నాలో మొక్కజొన్న విస్కీ పోశారు. అది పక్వానికి రాగానే తోడేసుకుని నన్ను పక్కకు దొర్లించారు. ఒకసారి వాడిన పీపాలో మళ్లీ ఆ సరుకు పోయకూడదని అక్కడి చట్టం. ఒక్క కాపుకే ముసలిదాన్నయ్యాను.

నన్ను విప్పి, చెక్కలన్నీ కట్టగట్టి ఓడెక్కించారు. స్కాట్లాండులో సుత్తి దెబ్బలు తిని మళ్లీ పీపానయ్యాను. అక్కడివాళ్లకు కొత్త పీపాల మీద మోజు లేదు. వాడినవే కావాలి. కాలం చెల్లిందని ఒకరు గెంటేస్తే, అదే నా అర్హత అని మరొకరు పిలిచారు. మనుషుల లెక్కలు నాకు ఎప్పుడూ అంతుబట్టలేదు.

గ్లెన్ టార్విక్ అనే కొండలోయలో, వాగు ఒడ్డున ఉన్న ఒక పాత విస్కీ బట్టీకి చేరాను. అక్కడ బార్లీని నానబెట్టి, రాతినేల మీద పరిచి మొలకెత్తించేవారు. మొలక ముదరకముందే, చిత్తడి బీళ్లలోంచి తవ్వి తెచ్చి ఎండబెట్టిన పీట్ అనే నల్లమట్టి గడ్డలు కాల్చి, ఆ పొగతో ఆరబెట్టేవారు. దాన్ని మరపట్టి, వేడినీళ్లలో కలిపి, ఆ తీపినీళ్లను పులియబెట్టి, రాగి పాత్రల్లో రెండుసార్లు కాస్తే తేటనీళ్లలాంటి సారా దిగేది. మీ కొండల్లో కుండ మీద కుండ బోర్లించి కాచే సారాకు అది దగ్గరి చుట్టమే, కోటు తొడుక్కుందంతే. రంగు, వాసన, పెద్దరికం నాలాంటి పీపా కడుపులో ఏళ్ల తరబడి పడుకున్నాకే వస్తాయి. అందులో ఏటా కొంత ఆవిరై గాలిలో కలిసిపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. పోయినదానికి కూడా మంచి పేరు పెట్టుకోగలరు మనుషులు.

నన్నూ ఆ సారాతో నింపి పడుకోబెట్టిన గోదాముకు ఫార్కర్ మన్రో కాపలాదారు. పెద్దగా మాట్లాడడు. ఎక్కడైనా కారిపోతోందేమోనని రోజూ చిన్న కొయ్యసుత్తితో మా పొట్టలు తట్టి, చెవి ఆనించి వినేవాడు. అతని భార్య ఇష్బెల్ పక్క షెడ్డులో బార్లీ మొలకల్ని చెక్కపారతో తిరగేసేది. మధ్యాహ్నం ఇద్దరూ మా వరసల మధ్య కూర్చుని రొట్టె తినేవాళ్లు. ఆమె చెబుతూ ఉంటే అతను నవ్వుతూ ఉండేవాడు.

తర్వాత గడ్డురోజులొచ్చాయి. దేశమంతటా అవసరానికి మించి కాచేశారు. గోదాములు నిండాయి, కొనేవాళ్లు తగ్గారు. యజమానులు పొయ్యిలు ఆర్పేశారు. పనివాళ్లు ఒక్కొక్కరే లోయ దిగి వెళ్లిపోయారు. నిలవ సరుకుకు కాపలా కావాలి కాబట్టి ఫార్కర్ ఒక్కణ్ణే ఉంచారు. ఇష్బెల్‌కు అబర్డీన్‌లో ఒక ఆసుపత్రి వంటగదిలో పని దొరికింది. బయల్దేరే రోజు పెట్టెతో గోదాము గుమ్మంలో నిలబడింది.

"రా ఫార్కర్. ఓడరేవులో నీకూ పని చూశాను."

"ఈ చలికాలం పోనీ ఇష్బెల్."

"పోయినేడూ ఇదే అన్నావు. నువ్వు కాపురం చేస్తున్నది నాతోనా, ఈ పీపాలతోనా?"

అతను కొయ్యసుత్తి అందుకుని నా పొట్ట తట్టాడు. ఆమె బస్సెక్కింది. మొదట్లో అతను సెలవులకు వెళ్లి వచ్చేవాడు. రానురాను అదీ తగ్గింది. ఒక శీతాకాలం నా చెక్కల మధ్య సందు పడి విస్కీ కారుతుంటే, ఎండిన జమ్ము ఆకు కూరి పట్టీలు బిగించాడు. అప్పటికే చెమ్మకు అతని వేళ్లు వంకర్లు తిరిగాయి. పని ముగించి నాకే వీపు ఆనించి, అలా ఎంతసేపో కూర్చుండిపోయాడు.

ఏళ్లు గడిచాయి. బట్టీ చేతులు మారింది. కొత్త కంపెనీ నుంచి వచ్చిన రుచి చూసే నిపుణుడు నాలోంచి ఒక చుక్క తీసి నాలిక మీద వేసుకుని, వెంటనే కంపెనీకి ఫోను చేశాడు. మరునాడే కంపెనీ ప్రచారం పనులు చూసే కట్రియోనా అనే అమ్మాయి వచ్చింది. సీసా మీద వేయబోయే మాట ఫార్కర్‌కు చదివి వినిపించింది. "ముందుచూపుతో, ఓపికగా నిలవబెట్టిన విస్కీ."

"ఓపికేం కాదమ్మా," అన్నాడు ఫార్కర్. "ఎవరూ కొనలేదు."

ఆమె నవ్వింది. తర్వాత అతని పక్కనే కూర్చుంది. "ఫార్కర్ గారూ, ఇది అమ్ముడుపోతేనే మావాళ్లు పొయ్యి వెలిగిస్తారు. లేకపోతే పీపాలు లారీ ఎక్కుతాయి, బట్టీ రాగి తూకానికి పోతుంది. ఉత్త విస్కీని ఎవరూ కొనరు. వెనక ఒక మనిషి కనబడాలి. మీరు ఒక్క మాట చెబితే చాలు."

"ఏమని?"

"ఇలాంటి రోజు వస్తుందని నాకు ముందే తెలుసు అని."

ఫార్కర్ కిటికీలోంచి కింద ఊరివైపు చూశాడు. సగం ఇళ్లకు తాళాలు. చివరికి నా మీద చెయ్యి వేసి, కెమెరా ముందు ఆ మాట అన్నాడు. వెలుతురు చాలలేదని మళ్లీ అనిపించారు. గొంతులో నమ్మకం చాలలేదని ఇంకోసారి అనిపించారు.

ఆ కథ జనంలో పాకింది. సీసాలు ఊహించని ధరకు పోయాయి. నన్ను ఖాళీ చేసి ముంగిట్లో పడేశారు. రాగి పాత్రల కింద మళ్లీ వేడి పుట్టింది. చిమ్నీలోంచి పొగ లేచిన రోజు ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఫార్కర్ మాత్రం వెళ్లలేదు. నా పక్కన రాయి మీద కూర్చున్నాడు.

ఇష్బెల్ ఆ రోజే వచ్చింది. జుట్టు తెల్లబడింది గానీ నడకలో అదే విసురు. అబర్డీన్‌లో ఒక కొట్టు అద్దం వెనక అట్టతో చేసిన నిలువెత్తు ఫార్కర్‌ను చూసి, కిందనున్న మాట చదివి, నేరుగా బస్సెక్కిందట.

"నీకు ముందే తెలుసట కదా?" అంది. "మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పుంటే నేను ఉండిపోయేదాన్ని. అన్నేళ్లు ఆ వంటింట్లో, నీకు నాకంటే ఈ గోదామే ఎక్కువనుకుంటూ బతికాను."

"నాకేం తెలీదు ఇష్బెల్. వాళ్లు చెప్పమన్నారు, చెప్పాను."

"అయితే ఎందుకుండిపోయావు?"

అతను తన వంకర వేళ్లకేసి చూసుకున్నాడు. "భయమేసింది," అన్నాడు. "ఇక్కడైతే నాకు పీపాలు తట్టడం వచ్చు. అక్కడ ఎవరైనా నీకేం వచ్చని అడిగితే ఏం చెప్పను? నీ ముందు చేతకానివాణ్ణి అవుతానని భయమేసింది."

ఆమె కొట్టేలా చూసింది. తిట్టబోయింది. చివరికి అతని పక్కన, అదే రాయి మీద కూలబడింది. "ఈ మాటకి ఇన్నేళ్లా ఫార్కర్?" అంది. నాలో పడుకున్న సరుకు ఏళ్లు గడిచేకొద్దీ విలువ పెంచుకుంది. వాళ్ల మధ్య పడుకున్న ఆ మాటకు మాత్రం ఏ విలువా పెరగలేదు.

ఆ సాయంత్రం అతను గోదాము తాళాలు కట్రియోనా చేతికిచ్చాడు. "అదేంటండీ, ఇప్పుడే కదా అసలు పని మొదలైంది," అంది ఆమె. "నాది అయిపోయిందమ్మా," అన్నాడు. ఇష్బెల్ ముందు నడిచింది, అతను వెనక. మలుపు దగ్గర ఆమె ఆగి, వెనక్కి తిరగకుండానే అతను వచ్చేదాకా నిలబడింది.

తర్వాత నన్ను రంపంతో రెండుగా కోశారు. ఒక సగం ఎటు పోయిందో తెలియదు. ఈ సగంలో మట్టి నింపి, సందర్శకులు వచ్చే గుమ్మం పక్కన ఎర్రపూల మొక్క నాటారు. రోజూ జనం వస్తారు. గైడు రోజూ అదే కథ చెబుతాడు. లోకమంతా వదిలేసినా నమ్మకం వదలని కాపలాదారు కథ. వినీ వినీ నాకు విసుగు కూడా పోయింది.

మొన్న ఒక పెద్దావిడ చెయ్యెత్తి అడిగింది. "మరి ఆయనకు పెళ్లాం పిల్లలూ ఎవరూ లేరా బాబూ?"

గైడు చేతిలోని కాగితం తిరగేశాడు. "కథలో భార్య సంగతి లేదండీ," అన్నాడు.

తర్వాత అందరూ రుచి చూసే గదిలోకి వెళ్లిపోయారు. బయట వాన మొదలైంది.