అత్తయ్య మార్పించిన ఇంజను నూనె

యుద్ధం అయిపోయిన మరుసటేడు మా మావయ్యగారు వెంకటసుబ్బారావుగారు బెజవాడలో పాత కారొకటి కొన్నారు. దాన్ని మైలవరం తెచ్చుకున్నాక ఆయన కాళ్ళు కొన్నాళ్ళు నేల మీద ఆనలేదు. అమ్మినాయన చెప్పిన ఒక్క మాట మాత్రం చెవిన పెట్టలేదు. వెయ్యి మైళ్ళకోసారి ఇంజనులోని ఆయిలు పూర్తిగా తీసేసి కొత్తది పోయాలట.

ఎందుకు పెడతారు? ఆయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తెలిసిన బండి ఎడ్లబండి. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి దాని ఇరుసుకు కందెన పెడతారు. ఆ కందెన ఎంత నల్లగా ఉంటే అంత మంచిది. ఆరిపోతే పైన ఇంకాస్త రాస్తారు తప్ప పాతది ఎవరూ పారేయరు. కారులో ఆయిలు చూసే ఇనప పుల్ల బయటికి లాగి, కొసన తారులాంటి నలుపు చూసి మావయ్యగారు మురిసిపోయేవారు.

"ఇప్పుడు పాకానికొచ్చింది," అని, తగ్గినంత కొత్తది పైన పోసి మూత బిగించేవారు.

అత్తయ్య హనుమాయమ్మగారికి కార్ల సంగతి ఏమీ తెలియదు. ఒకరోజు ఆ పుల్ల వాసన చూసి మొహం చిట్లించారు.

"మాడిపోయిన నూనండీ ఇది. నేనైతే దీంట్లో వడియం కూడా వేయించను."

"ఇది నీ మూకుడనుకున్నావుటే? ఇంజను!"

"మీ ఎడ్లబండి ఇరుసు కింద ఎవరన్నా పొయ్యి పెడతారా? దీని కడుపులో పొయ్యుంది. మాడక ఏం చేస్తుంది?"

మావయ్యగారు నవ్వేసి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ మాటకు ఆయన దగ్గర ఎప్పుడూ ఆ నవ్వే జవాబు. నాకు ఒళ్ళు మండేది.

అప్పుడు నేను నెలలు నిండుతున్న మనిషిని. మా ఆయన మద్రాసులో ఉద్యోగంలో ఉన్నారు. గుణదల నుంచి వచ్చి మా ఊళ్ళో పనిచేసే నర్సు తెరేసమ్మ నా పొట్ట పట్టి చూసి, "బిడ్డ అడ్డం తిరిగుందమ్మా. నొప్పులు మొదలైతే ఇక్కడ ఆగొద్దు. వెంటనే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి," అంది.

ఆ వారంలోనే, మావయ్యగారు బెజవాడ నుంచి వస్తుంటే కొండపల్లి దగ్గర కారు పొగలు కక్కి, దడదడలాడి ఆగిపోయింది. చివరికి ఎడ్లు ఈడ్చుకొచ్చాయి. ఊరంతా చూసింది. మావయ్యగారు దిగి, "ఎండ దెబ్బ," అన్నారు! పైన ఇంకో డబ్బా పోస్తే సరిపోతుందట.

అత్తయ్య వెళ్ళి కారు మెట్టు మీద చతికిలబడ్డారు.

"నా కోడలు ఎక్కాల్సిన కారిది. ఆ నూనె మొత్తం దించేదాకా నేను లేవను. పొయ్యి వెలిగించను."

మధ్యాహ్నమైంది. ఆకలికి తట్టుకోలేక మావయ్యగారు పంచె ఎగ్గట్టి, రెంచీ పట్టుకుని కారు కిందికి దూరారు. బోల్టు ఊడినా నూనె కారలేదు. కాసేపటికి ముద్దలు ముద్దలుగా జారింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసుకుని ఆయనే కొత్త డబ్బా అందుకున్నారు. కొత్త ఆయిలు పోశాక ఇంజను నిమ్మళంగా పలికింది.

ఒక తెల్లవారుజామున నాకు నొప్పులు మొదలయ్యాయి. వెనక సీట్లో ఒక పక్క అత్తయ్య, ఒక పక్క తెరేసమ్మ. మావయ్యగారు నడిపారు. కొండపల్లి వచ్చేసరికి నొప్పిలో కూడా నేను ఇంజను చప్పుడే విన్నాను. కారు ఎక్కడా ఆగలేదు.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డల్లో ఎవరూ దక్కేవాళ్ళు కారని డాక్టరమ్మ చెప్పిందట. ఈ రోజు నేను ఊపిరి పీలుస్తున్నానంటే అది అత్తయ్య పెట్టిన భిక్ష.

మర్నాడు మావయ్యగారు నా మంచం దగ్గరికి వచ్చారు. పాపను చూసి, కండువాతో కళ్ళు ఒత్తుకుని, అత్తయ్య వైపు తిరిగారు. ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషి, తెరేసమ్మ ముందే పిలిచారు.

"హనుమాయమ్మా, ఆయిలు మళ్ళీ ఎప్పుడు మార్చమంటావు?"

అత్తయ్య తడబడ్డారు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మనవరాలు ఎక్కేముందు," అన్నారు.

మార్చి ఎన్ని మైళ్ళయిందని ఆయన అడగలేదు. అప్పుడే వెళ్ళి, మార్చుకొచ్చారు.