అప్పగింతల పాటకు శ్రుతి గుర్తు

ఏలూరులో మొహిద్దీన్ పెళ్లి బ్యాండుకు కంప్యూటర్లో పాటల నొటేషన్, అంటే స్వరాల కాగితాలు, రాసేది అతని కూతురు రేహానా. అప్పగింతల పాట మధ్యలో శ్రుతి పెరుగుతుంది. రిహార్సల్లో పాట మళ్లీ మొదటికి రాగానే, ఏ శ్రుతిలో వాయించాలో కాగితంలో లేక, సగంమంది పాత శ్రుతికి దిగారు, మిగతావాళ్లు పైనే ఉండిపోయారు.

"అమ్మాయ్, సాయంత్రం పెదపాడు పెళ్లిలో పెళ్లికూతురికంటే ముందు జనం ఏడుస్తారే!" అన్నాడు మొహిద్దీన్.

రేహానా కంప్యూటర్ ముందుకు జరిగింది. "ఎన్నిసార్లు వాయిస్తారో చెప్పండి అబ్బాజాన్, అన్నిసార్లూ వరసగా రాసేస్తాను."

"పిల్ల తల్లిని వదిలి కారెక్కేదాకా వాయించాలి. ఎవరు చెప్పగలరు?"

ఆమె ఆలోచించి, కాగితం చివర, పాటను మళ్లీ మొదటికి తిప్పమని చెప్పే చుక్కల ముందే పాత శ్రుతి గుర్తు పెట్టింది.

పెదపాడులో పాట ఎన్ని చుట్లు తిరిగినా ఎవరూ తప్పలేదు. పెళ్లికూతురు మాత్రం తల్లి మెడ వదలలేదు. చివరికి మొహిద్దీన్ క్లారినెట్ దించి, "కారెక్కు తల్లీ, మాకు ఊపిరి చాలడం లేదు!" అన్నాడు.

ఏడుస్తున్న తల్లీకూతుళ్లిద్దరూ పకపకా నవ్వేశారు.