కదిలిన షడ్జమం

నేను ఒక శ్రుతిపెట్టెను, కరెంటుతో పలికే రకం. నన్ను తయారుచేసినవాళ్లు నాకు పాట నేర్పలేదు. ఒకే షడ్జమం మీద, 'స' అనే ఆ మొదటి స్వరం మీద, నిలబడి ఉండడం నేర్పారు. పాడే గొంతు ఎటు తిరిగినా చివరికి వచ్చి చేరడానికి ఒక చోటు ఉండాలి. ఆ చోటు నేనే. అయినా శ్రుతిని వెంట్రుకవాసి పైకో కిందికో జరపడానికి నా పక్కన చిన్న నాబ్ పెట్టారు. మనుషులు దేన్నయినా స్థిరంగా చేస్తే, దాన్ని కదిపే ఏర్పాటు కూడా చేసుకుంటారు.

కాకినాడలో సంగీతం చెప్పే శేషఫణి మాస్టారు నన్ను కొన్నారు. యాభై దాటాక ఆయన దగ్గర చేరిన ఆవిడ రమాసుందరి.

"పేరంటాల్లో పాట పాడమంటారండి. రాదనగానే పక్కావిడ దగ్గరికి వెళ్లిపోతారు. ఒక్కసారి పాడాలండి, అంతే."

మొదటి పాఠంలోనే ఆమె గొంతు నాకన్నా కిందికి జారింది. మాస్టారు ఆపలేదు. బొటనవేలితో నాబ్ కొద్దిగా తిప్పారు. నేను దిగివెళ్లి ఆమె గొంతును కలుసుకున్నాను.

"చూశారా, కుదిరింది" అన్నారాయన. ఆమె ముఖం వెలిగింది.

సరళీ స్వరాల నుంచి గీతం దాకా అదే పద్ధతి. మొదట అది జాలి అనుకున్నాను. కాదు, ఎదుటి ముఖం వాడిపోతే చూడలేని భయం. తమ భయానికి దయ అని పేరు పెట్టుకోవడం మనుషులకు బాగా వచ్చు.

శ్రావణమాసం పేరంటానికి మాస్టారు నన్ను ఆమెతో పంపారు.

"మా రమ పాడుతుందటర్రా, తలుపు గడియ పెట్టండి, ఎవరూ పారిపోకుండా" అంది వాళ్ల వదిన. అందరూ నవ్వారు. రమాసుందరి కూడా నవ్వి గీతం ఎత్తుకుంది. రెండో వరుసకే గొంతు జారింది. నా మీద ఎవరి వేలూ లేదు. నేను ఉన్నచోటే ఉన్నాను.

ఆమె నావైపు చూసింది. నమ్మినవాళ్లు నలుగురిలో మాట మారిస్తే చూసే చూపు అది. నా పని నేను సరిగ్గా చేసిన ఒకే ఒక్క రోజున నేను ద్రోహినయ్యాను. నేను పాడైపోయాననుకుని ఆమె నాబ్ తిప్పింది. నేను దిగి ఆమె గొంతును కలిశాను. పాట ఆగిపోయింది. ఆమె వేలు మాత్రం ఆ నాబ్ మీదే ఉంది, రోజూ మాస్టారి బొటనవేలు ఉండే చోట.

"పోన్లే రమా, లేచి తాంబూలం తీసుకో" అంది వదిన.

మర్నాడు నన్ను తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

"దీని మీద రోజూ మీ చెయ్యి ఎందుకుండేదండి?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని, అమ్మా."

"శ్రుతి కలవలేదని చెప్పుంటే నేర్చుకునేదాన్ని కదండీ."

నన్ను ఆయన చేతికందనంత దూరం జరిపి షడ్జమం పాడింది. మా ఇద్దరి మధ్య ఎడం గదిలో ఎవరికైనా వినిపిస్తుంది.

"బాగుందమ్మా" అన్నారు మాస్టారు, అలవాటుగా.

ఆమె నన్ను ఆపేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆయన నన్ను గుడ్డతో తుడిచి అలమరలో పెట్టారు. ఆమెకు పాట వచ్చేదో, రాకపోయేదో మాస్టారికి తెలియదు. ఆమెకూ తెలియదు. అది తేల్చవలసింది నేను. నన్ను ఒక్కచోట నిలబడనిస్తే తెలిసేది.