వోల్టేజ్ తగ్గించిన కోడలు

వీధి స్తంభాలకు నడుముదాకా నీళ్లెక్కిన పెద్ద వరదకు అది మూడో ఏడు. ఆ నీళ్లలో మునిగిన మోటార్లు ఒకటొకటిగా వచ్చి రెండేళ్లపాటు మోటారు మామయ్య షాపులో పని తెగనివ్వలేదు. మూడో ఏటికి పని పలచబడింది. ఆయనకు చేతులు ఖాళీ అయ్యాయి. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఇంట్లోవాళ్ల పనుల్లో నోరు పెడతాడు. ఈయనకు నోరు పెట్టే అలవాటు లేదు కాబట్టి వేలు పెట్టాడు.

కింద షాపు, పైన ఇల్లు. కాలిన మోటారు విప్పడం, మాడిన తీగ పీకడం, కొత్త రాగి తీగ చుట్టి వార్నిష్ పోసి ఆరబెట్టడం, ముప్పయ్యెనిమిదేళ్లుగా ఆయన పని అదే. రోజు మొత్తం మీద పట్టుమని పది మాటలు మాట్లాడడు. అందులో ఐదు మోటార్లకే పోతాయని ఆయన భార్య అంటుంది.

కోడలిది గొంతుతో పని. చూపులేని పిల్లల కోసం బడి పాఠాలు చదివి, ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి, వాళ్లకు పుస్తకాలు వినిపించే సంస్థకు పంపాలి. చక్కగా చదువుతుంది. చదివేది సైన్సు పాఠమే అయినా అత్తగారు కూర తరగడం ఆపి వినేది. అయితే మైకు తగిలించి కాస్త చదివేసరికి ల్యాప్‌టాప్ వేడెక్కి, లోపలి ఫ్యాను గొంతెత్తేది. పంపిన పాఠం రెండుసార్లు తిరిగొచ్చింది. వెనకాల పిండిమర ఆడుతున్నట్టుందని రాశారు. ఫోన్‌లో రికార్డు చేస్తే వాళ్లు ఒప్పుకోరు. మూడోసారి మర్నాడు మధ్యాహ్నంలోపు పంపాలి. అది కూడా తిరిగొస్తే ఆ పాఠమున్న పుస్తకమంతా వేరే ఆవిడ చేతికి పోతుంది. కోడలు ఆ పుస్తకాన్ని అప్పటికే తనదనుకుంది.

మొదట ల్యాప్‌టాప్ కింద పీట పెట్టింది. తర్వాత బీరువా తలుపు తెరిచి, దుప్పట్ల మధ్య తల పెట్టి చదివింది. ఆ గోల దుప్పట్లలోకీ వచ్చింది. చివరికి ఎక్కడో చదివి తెలుసుకుంది. ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ చేసే ముక్కను ప్రాసెసర్ అంటారు. దానికి అందే వోల్టేజ్‌ను కొంచెం తగ్గిస్తే పని అంతే చేస్తుంది, వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ఫ్యానూ నోరు మూస్తుంది. ఈ మాట అన్నం తినేటప్పుడు అత్తగారితో సంబరంగా చెప్పింది.

మామయ్య ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"వోల్టేజ్ తగ్గిస్తే కాలుతుంది," అన్నాడు.

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. షాపుకు వచ్చే మోటార్లలో సగం అలా కాలినవే. అవతల ఎత్తాల్సిన నీళ్లు తగ్గవు, ఇవతల వోల్టేజ్ తగ్గుతుంది. ఆ పనే చేయడానికి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, లోపల తీగ మాడుతుంది. ఇన్నేళ్లూ ఆయన తిన్న తిండి తగ్గిన వోల్టేజ్ పెట్టినదే.

"మామయ్యా, ఇది మోటారు కాదు," అంది కోడలు.

"ఫ్యాను ఉందిగా."

"ఫ్యాను వోల్టేజ్ కాదు నేను తగ్గించేది. ప్రాసెసర్ మీ మోటారులా మొండిది కాదు, ఎక్కువ లాక్కోదు. సరిపోయినంతవరకు పని చేస్తుంది, సరిపోకపోతే ఆగిపోతుంది. అన్ని ముక్కలూ ఒకేలా ఉండవని కంపెనీవాళ్లు అన్నింటికీ కాస్త ఎక్కువే ఇస్తారు. ఆ ఎక్కువని తీసేస్తాను, అంతే."

"కాలుతుంది."

"ఈ వారం మాటలన్నీ ఈ పూటే అవగొట్టేశారు. ఇక రేపు నాతో సైగలే," అంది భార్య.

అన్నాలయ్యాక కోడలు పనిలో కూర్చుంది. తెర మీద ఒక గీత, దాని మీద జరిపే గుండీ. ఎడమకు జరిపితే వోల్టేజ్ తగ్గుతుంది. యాభై మిల్లీవోల్టులు తగ్గించింది. అంటే వోల్టును వెయ్యి ముక్కలు చేస్తే అందులో యాభై. ఫ్యాను గొంతు దిగింది. ఎనభైకి తెచ్చింది. గుసగుసలోకి వచ్చింది. మొహం కడుక్కుని, గొంతు తడుపుకుని వద్దామని లేచి వెళ్లింది.

అప్పుడు పెట్టాడు వేలు. ఆయన మెట్లు దిగి షాపులోకి వెళ్లాడు. చంకలో బరువైన ఇనుప పెట్టె పెట్టుకుని పైకి వచ్చాడు. అది స్టెబిలైజర్. లైనులో వోల్టేజ్ పడిపోతే పెంచి ఇస్తుంది. దాన్ని మంచం కిందికి తోసి, ల్యాప్‌టాప్ వైరును గోడ నుంచి పీకి దానికి తగిలించి, ఏమీ ఎరగనట్టు బయటి గది కిటికీ దగ్గర నిలబడ్డాడు.

కోడలు వచ్చి తలుపు వేసుకుని పాఠం చదివింది. తర్వాత పెట్టుకుని వింది. పిండిమర పోయింది. దాని బదులు ఇంకోటి వచ్చింది. టక్. కాసేపాగి, టక్. మళ్లీ టక్. గాజులు తీసేసి చదివింది. టక్. కుర్చీ మార్చింది. టక్. అత్తగారి పళ్లసెట్టు మీద అనుమానం వచ్చింది కానీ అడగడానికి మొహమాటపడింది. చివరికి వైరు పట్టుకుని పోతే మంచం కింద, లైనులో వోల్టేజ్ మారినప్పుడల్లా టక్కుమంటున్న స్టెబిలైజర్ తేలింది. మామయ్య కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"ఇదెందుకు పెట్టారు మామయ్యా?"

ఆయన ఆకాశం మీంచి చూపు తిప్పలేదు. "నువ్వు తగ్గిస్తున్నావుగా. నేను పెంచుదామని."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. కోడలికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఈ వైరుకున్న చిన్న డబ్బాలోంచి ల్యాప్‌టాప్‌కు వచ్చేది ఎప్పుడూ ఒకటేనని, గోడ దగ్గర ఎంత పెంచినా ప్రాసెసర్‌కు ఆ సంగతే తెలియదని నెమ్మదిగా చెప్పింది. ఆయన స్టెబిలైజర్ చంకన పెట్టుకుని దిగిపోయాడు.

టక్కు పోవడంతో కోడలికి హుషారొచ్చింది. ఎనభై ఎందుకు, ఆ గుసగుస కూడా ఎందుకు అనుకుంది. నూటముప్పైకి లాగింది. ఫ్యాను పూర్తిగా ఆగింది. గదిలో తన ఊపిరి తనకు వినపడింది. మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. అంత బాగా ఎప్పుడూ చదవలేదు. ఆఖరి పేరా సగంలో ఉండగా తెర బిగుసుకుపోయి, ఆ వెంటనే నల్లబడింది. చదివిందంతా పోయింది.

ఆమె బల్ల మీద తల ఆనించింది. అత్తగారు మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి కేకేసింది. మామయ్య పైకి వచ్చాడు. ల్యాప్‌టాప్ ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని అటూ ఇటూ వాసన చూశాడు. మాడిన వాసన లేదు. ఆన్ చెయ్యమని సైగ చేశాడు. చేసింది. ఏమీ కానట్టు వచ్చింది. వోల్టేజ్ కూడా మొదటికి వచ్చేసింది.

"కాలలేదు," అన్నాడు. తను అన్నది తప్పన్న ఒప్పుకోలు ఆ మాటలోనే ఉంది. అంతకుమించి ఎవరూ ఆశించలేదు.

"ఆగిపోతుందని చెప్పానుగా," అంది కోడలు, తల ఎత్తకుండా. "మంచి సమయం చూసుకుని ఆగింది."

"తగ్గించాక ఎలా చూశావు?"

"చూసేదేముంది, ఫ్యాను ఆగింది. సరేననుకున్నాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి అప్పుడు అన్నిటికంటే పెద్ద మాట మాట్లాడాడు.

"ఖాళీగా తిప్పి చూశావు అమ్మాయ్. ఖాళీగా ఏ మోటారైనా తిరుగుతుంది. లోడు పెట్టాలి. నేను చుట్టిన మోటారు గంటసేపు నీళ్లెత్తితే గాని గుమ్మం దాటనివ్వను. దీనిచేత మొయ్యలేనంత మోయించు. ఆగితే ఒక మెట్టు వెనక్కి రా. ఆగకపోతే, అప్పుడూ ఒక మెట్టు వెనక్కి రా."

కోడలు తలెత్తింది. ఊపిరాడకుండా లెక్కలు చేయించే ప్రోగ్రాం ఒకటి ఉందని ఆమెకు గుర్తుకొచ్చింది. అది పెట్టింది. నూటపది దగ్గర పెడితే ఇరవై నిమిషాలకు ఆగింది. తొంభై దగ్గర పెట్టారు. ల్యాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించి మామయ్య కూర్చున్నాడు. ఎంత వేడి ఉందో తెరమీద అంకె కనపడుతూనే ఉందని కోడలు చెప్పింది. ఆయన చెయ్యి తియ్యలేదు. అత్తగారు వచ్చి, జ్వరమెంత ఉందని అడిగి వెళ్లింది. ల్యాప్‌టాప్ ఆగకుండా గంట నిలబడింది. కోడలు ఇక చాలనబోతే ఆయన ఒక వేలు వెనక్కి ఊపాడు. ఎనభైకి తెచ్చింది.

"ఆ గుసగుస ఉంటుంది కదా మామయ్యా."

"మైకు దూరం జరుపు," అన్నాడు. ఆ రాత్రి పడుకునేదాకా మళ్లీ మాట్లాడలేదు.

తెల్లవారి కోడలు మైకును బల్ల చివరికి, ల్యాప్‌టాప్‌ను దిండు అవతలికి జరిపి చదవడానికి కూర్చుంది. మామయ్య కిందికి దిగాడు కానీ షట్టర్ ఎత్తలేదు. ఎత్తితే అది చేసే చప్పుడు వీధి చివరికి వినపడుతుంది. స్టూలు బయట వేసుకుని కూర్చున్నాడు. పంపుల మెకానిక్ భుజాన మోటారుతో వచ్చి దాన్ని దబ్బున దించబోతే, చెయ్యి అడ్డం పెట్టి, తనే పట్టుకుని పసిపిల్లను పడుకోబెట్టినట్టు దించాడు. పెదవుల మీద వేలు పెట్టి పైకి చూపించాడు.

మెకానిక్ గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగాడు.

"పాఠం," అన్నాడు మామయ్య.

మెకానిక్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత వచ్చిన ఇద్దరూ వాళ్లను చూసి అలాగే కూర్చున్నారు. గంటన్నర గడిచింది. పై కిటికీ తెరుచుకుంది. పంపేశానని కోడలు చెప్పింది. ఆయన కదల్లేదు. పంపడం వేరు, నిలబడటం వేరని ఆయనకు తెలుసు. ఇంకో గంటకు కోడలు మెట్లన్నీ దిగి వచ్చి, తీసుకున్నారని, పుస్తకమంతా తననే చదవమన్నారని చెప్పింది.

మామయ్య తలూపాడు. లేచి షట్టర్ ఎత్తి, మెకానిక్ మోటారు బల్లమీదికి తీసుకుని, బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.