ఆఖరి పీరియడ్ ఆటలదే

బుధవారం, శుక్రవారం ఆఖరి పీరియడ్ పదో తరగతికి ఆటలు అని టైంటేబుల్లో ఎర్ర సిరాతో రాసి ఉండేది. రాసి ఉండటం వరకే. గంట కొట్టగానే సైన్సు టీచరు చంకలో స్లిప్ టెస్టు కాగితాలు పెట్టుకుని వచ్చేది. అప్పటికే గుమ్మం దాకా వచ్చిన డ్రిల్లు మాస్టారు ఒక నవ్వు నవ్వి పక్కకు తప్పుకునేవాడు. ఆరేళ్ళుగా ఇదే తంతు. మొదట్లో పిల్లలు ఉసూరుమనేవారు. తర్వాత అదీ మానేశారు.

సైన్సు టీచరు చెడ్డమనిషేం కాదు. నలభై ఆరేళ్ళు, కాస్త భారీ శరీరం, పాఠం మొదలుపెట్టిందంటే గంట కూడా వినపడేది కాదు. పదో తరగతి ఫలితాలంటే ఆమెకు ప్రాణం. పైగా ఆటల పీరియడ్‌ను ఆమెకు అప్పగించిన హెడ్‌మిస్ట్రెస్ స్వయానా ఆమె అన్నగారి భార్య. గేటు లోపల "మేడమ్", గేటు దాటితే "వదినా". ఆ రెండు పిలుపులూ ఎన్నడూ తడబడలేదు.

ఆ ఏడు గుండె పాఠం వచ్చింది. ల్యాబ్‌లో ఉన్న ప్లాస్టర్ గుండెకు ఎడమవైపు గది ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని చూపించి చెప్పాలంటే ఆమెకే నామోషీ వేసింది.

"బొమ్మ గుండె ఎందుకు, ముప్ఫై ఎనిమిది అసలు గుండెలు ఇక్కడే ఉన్నాయిగా. అందరూ మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టండి. బొటనవేలు మాత్రం వద్దు. దానికి సొంత నాడి ఉంది, మీకు అబద్ధం చెబుతుంది" అంది.

కూర్చున్నప్పటి నాడి రాయించింది. మూడంతస్తుల మెట్లు ఎక్కి దిగి రమ్మంది. రాగానే ఒకసారి, రెండు నిమిషాలాగి ఇంకోసారి లెక్కపెట్టమంది.

అరుచుకుంటూ వెళ్ళిన పిల్లలు మాటల్లేకుండా తిరిగొచ్చారు. కొందరు గోడ పట్టుకుని, కొందరు బెంచీ మీద వాలిపోయి. క్లాసులో ఏ ప్రశ్నకైనా అందరికంటే ముందు జవాబు చెబుతుందని 'రాకెట్' అని పిలుచుకునే అమ్మాయి రెండో అంతస్తు దాటలేదు. మెట్టు మీద కూలబడి, పాలిపోయిన పెదాలతో, "ఒక్క నిమిషం టీచర్, ఒక్క నిమిషం" అంటోంది.

మెట్లు తుడుస్తున్న ఆయా బకెట్టు పక్కన పెట్టి నవ్వింది. "రోజుకు నాలుగుసార్లు నీళ్ళు మోసుకుని ఎక్కుతాను. నాది కూడా చూడండమ్మా" అని చెయ్యి చాపింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. బకెట్టుతోనే పైకెక్కి దిగొచ్చింది. రెండు నిమిషాలయ్యేసరికి నాడి ఎనభై నాలుగుకు వచ్చేసింది. పిల్లల్లో ఇరవై ఇద్దరికి అప్పటికింకా నూట ఇరవై పైనే కొట్టుకుంటోంది.

పిల్లలు ముందు పకపకా నవ్వారు. అంకెలన్నీ బోర్డు మీదికెక్కేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"ఎందుకిలా టీచర్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

జవాబు వెనక బెంచీ నుంచి వచ్చింది. "మా ఆటల పీరియడ్ మీరు తీసేసుకున్నారు కదా టీచర్."

ఎవరన్నారో ఆమె తల తిప్పి చూడలేదు. చూస్తే తిట్టాల్సి వస్తుంది. తిట్టడానికి అందులో తప్పేముంది?

అయితే ఒక్కసారి తీసిన అంకెల్ని నమ్మే మనిషి కాదామె. ఇంకో రెండు రోజులు అదే పరీక్ష పెట్టింది. ఇంకా ఆటల పీరియడ్ మిగిలున్న తొమ్మిదో తరగతి వాళ్ళచేత కూడా మెట్లెక్కించింది. ఆ క్లాసులో రెండు నిమిషాల తర్వాత నూట ఇరవై దాటినవాళ్ళు నలుగురు. మధ్యలో ఒక్క ఏడాదే తేడా. ఆ ఏడాదిలో ఏం జరిగిందో ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు?

మరునాడు డ్రిల్లు మాస్టారిని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన సైకిళ్ళ షెడ్డు దగ్గర కాపలా ఉన్నాడు. పేరుకు వ్యాయామ ఉపాధ్యాయుడు, చేసేది మాత్రం సైకిళ్ళు లెక్కపెట్టడం, రాని టీచర్ల క్లాసుల్లో కూర్చోవడం.

"మాస్టారూ, ఈ బుధవారం నుంచి ఆఖరి పీరియడ్ మీదే. నేను రాను."

ఆయన ఎగిరి గంతేస్తాడనుకుంది. ఆయన ముఖం జేవురించింది.

"ఆరేళ్ళు లాక్కుని ఇప్పుడు దానమిస్తున్నారా టీచర్? రేపు మీ వదినగారు కన్నెర్ర చేస్తే మళ్ళీ మీరే తీసుకుంటారు. మధ్యలో నవ్వులపాలయ్యేది నేను."

"లాక్కున్నది నిజమే" అందామె. "తప్పు నాది. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు. కానీ తిరిగి మాత్రం తీసుకోను. కావాలంటే రాసిస్తాను."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి స్టోరు గది తెరిచాడు. లోపల బంతులన్నీ చప్పబడిపోయి ఉన్నాయి. పంపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. "ముందు దీనికి నూనె పెట్టాలి" అన్నాడు. ఒప్పుకున్నట్టే లెక్క.

నాడి అంకెల చార్టు నోటీసు బోర్డు మీదికెక్కిన రోజే హెడ్‌మిస్ట్రెస్ గదికి పిలుపు వచ్చింది.

"ఏంటిది? మెట్లెక్కించి నాడి చూడమని సిలబస్‌లో ఉందా?"

"ఉంది మేడమ్. పాఠం చివర 'చేసి చూడండి' అని ఉంటుంది. మనం ఎప్పుడూ చేయించం కాబట్టి ఎవరికీ గుర్తులేదు."

"నలుగురు పిల్లలు ఆయాసపడితే కొంపలేం మునిగిపోవు."

"ఇరవై ఇద్దరు మేడమ్."

హెడ్‌మిస్ట్రెస్ పెన్ను కింద పెట్టింది. "చూడు, ఈ బడి పేరు నిలబడుతున్నదే పదో తరగతి ఫలితాల మీద. నువ్వు ఆ పీరియడ్ తీసుకుంటున్నావు. ఇది నా ఆర్డర్."

"తీసుకోను."

"ఈ ఉద్యోగం నీకు చెప్పి ఇప్పించింది నేను. అది మర్చిపోకు."

"సైన్సు చెప్పమని ఇప్పించారు. చెబుతున్నాను. కొలిచి చూసిన దాన్ని కొలవనట్టు నటించడం నాకు చేతకాదు."

సాయంత్రానికి చార్టు మాయమైంది. మర్నాడు పొద్దున ఇంకోటి వేసి అంటించింది. అదీ మాయమైంది. మూడోసారి ఆమె గోడ జోలికి పోలేదు. పిల్లలకు ఇంటిపని ఇచ్చింది: ఇంట్లో పెద్దవాళ్ళ నాడి, మెట్లెక్కకముందు, ఎక్కగానే, రెండు నిమిషాలాగి; పక్కనే మీది కూడా రాసుకు రండి.

ఆ వారం ముప్ఫై ఎనిమిది ఇళ్ళల్లో మెట్ల మీద ఒకటే సందడి. తాతలెక్కారు, పిన్నులెక్కారు, మోకాళ్ళ నొప్పులున్న ఒక మేనత్త సగం దాకా ఎక్కి "నాది కూడా రాయరా" అని మెట్టు మీదినుంచే కేకేసింది. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ నాడే అందరికంటే ఆలస్యంగా దిగుతోందని చాలామంది తమ వేళ్ళతో తామే తెలుసుకున్నారు.

ఆదివారం సైన్సు టీచరుకు అన్నగారు ఫోన్ చేశాడు. "ఏమ్మా, మీ ఇద్దరి గొడవలో నేను ఇంట్లో ఉండాలా, వద్దా? మీ వదిన రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. నేనేం చేశాను?"

"నువ్వు మెట్లెక్కి చూశావా అన్నయ్యా?"

"ఎక్కాను. అది కూడా నా నేరమేనంది."

తల్లిదండ్రుల సమావేశంలో హాలు కిక్కిరిసింది. ఒక తండ్రి లేచి, "పరీక్షల ముందు ఆటలేంటండీ? ఇంకో గంట క్లాసు పెట్టండి" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. అప్పుడు రాకెట్ వాళ్ళమ్మ లేచింది. టైలరు, మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చింది.

"మా పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. టెస్టులన్నీ చేసి, రోగం లేదమ్మా, కదలిక లేదు అన్నాడు. మందు కూడా రాయలేదు. మా పిల్ల చదువుతుంది, దాని గురించి నాకు బెంగ లేదు. చదివిన తర్వాత మెట్లెక్కగలగాలి కదా!"

వాదన గంటన్నర సాగింది, తేలలేదు. తేల్చింది హెడ్‌మిస్ట్రెస్. మర్నాడు కాగితం అంటించారు. పరీక్షలయ్యే వరకు పదో తరగతికి ఆటలు రద్దు. పదో తరగతి సైన్సు ఇకనుంచి తొమ్మిదికి చెప్పే సార్ చెబుతారు. ఇప్పటి టీచరు ఆరో తరగతికి మారుతుంది.

పదో తరగతి తీసేస్తారని ఆమె ఊహించలేదు. స్టాఫ్ రూమ్‌లో బీరువా వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆరో తరగతి పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం ఆఖరి పీరియడ్ గంట కొట్టారు. డ్రిల్లు మాస్టారు పదో తరగతి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి పక్కకు తప్పుకోలేదు. కొత్త సైన్సు సార్ వచ్చి ఆయన్ని చూశాడు, లోపల పిల్లల్ని చూశాడు, "నాకు కొంచెం తలనొప్పిగా ఉంది" అని వెనక్కి తిరిగాడు.

పిల్లలు వరసగా మైదానం గేటు దాకా వెళ్ళారు. గేటుకు తాళం వేసి ఉంది. ఆరో తరగతి వదిలి అటుగా వచ్చిన సైన్సు టీచరు తాళాన్ని చూసింది. చిన్న బడికి చాలా పెద్ద తాళం.

"ఇప్పుడేం చేద్దాం మాస్టారూ?"

"మెట్లకు తలుపుల్లేవు కదా టీచర్" అని ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

ఆ విజిల్ మోత బడంతా వినపడింది. ముప్ఫై ఎనిమిది మంది ఒక్కసారిగా మెట్లెక్కారు. హెడ్‌మిస్ట్రెస్ గది మెట్ల కిందే ఉంది. డెబ్బై ఆరు కాళ్ళు ఆమె నెత్తి మీదుగా ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి, మళ్ళీ ఎక్కుతున్నాయి. సైన్సు టీచరు చీర కొంగు బొడ్లో దోపి వాళ్ళ వెనకే పరుగెత్తింది. మొదటి అంతస్తుకే ఊపిరి అందలేదు. రెండో అంతస్తులో రాకెట్ ఎదురై చెయ్యి పట్టుకుంది. "మెల్లగా టీచర్, ఆగితే ఇంకా కష్టం, నడుస్తూ ఉండండి" అంది. ఇద్దరూ నడిచే పైకి చేరారు.

దిగివచ్చేసరికి హెడ్‌మిస్ట్రెస్ మెట్ల మొదట్లో నిలబడి ఉంది.

"ఆపండి!" అంది.

ఎవరూ ఆగలేదు. మొండితనంతో కాదు, పరుగులో ఉన్నవాళ్ళకు ఆగడం కుదరలేదు. ఆవిడే గోడవైపు జరగాల్సి వచ్చింది.

"మేడమ్, నన్ను ఆరో తరగతికి పంపారు, వెళ్ళాను. అక్కడినుంచి కూడా తీసేస్తే ఇంటికెళ్తాను. ఈ పీరియడ్ మాత్రం వీళ్ళది. టైంటేబుల్లో మీ చేత్తో మీరే రాశారు" అంది సైన్సు టీచరు రొప్పుతూనే.

మూడు శుక్రవారాలు, మూడు బుధవారాలు మెట్లు దద్దరిల్లాయి. నాలుగో శుక్రవారం మైదానం గేటుకు తాళం లేదు. ఎవరు తీశారని ఎవరూ అడగలేదు, తీసినవాళ్ళూ చెప్పలేదు. ఆ రోజు డ్రిల్లు మాస్టారు గాలి నింపిన రెండు బంతుల్ని చెరో చంకలో పెట్టుకుని పెళ్ళికొడుకులా నడిచి వెళ్ళాడు.

పదో తరగతి ఫలితాలు ఎప్పటిలాగే వచ్చాయి. పెరగలేదు, తగ్గలేదు. పదో తరగతి సైన్సు మాత్రం ఆమెకు తిరిగి ఇవ్వలేదు.

సెలవుల్లో అన్నగారింట్లో వదినా ఆడపడుచులిద్దరూ ఎదురుపడ్డారు. టీ గ్లాసు ముందు పెడుతూ వదిన అంది, "గెలిచాననుకోకు."

"అనుకోలేదు వదినా."

"ఈ ఒక్క బ్యాచ్‌కే. వచ్చే ఏడు కొత్త టైంటేబుల్ వేస్తున్నాను."

"వెయ్యి" అంది ఆడపడుచు టీ అందుకుంటూ. "అది గోడకెక్కిన రోజే వచ్చి చదువుతాను. ఆటలు కనపడకపోతే మళ్ళీ మెట్లెక్కిస్తాను. ఈసారి మాస్టారికి ఆరో తరగతి కూడా తోడుంటుంది."